మెట్లు తీసిన బేస్ గిటారు: జాకో పాస్టోరియస్ జీవితము

వాద్యమును నిర్మించువాడొకడు, దానికి గొంతు నిచ్చువాడు మఱియొకడు. ఈ రెండు పనులును ఒక్కని చేతిమీదుగా జరుగుట లోకమున అరుదు. అట్టి అరుదైనవారిలో అమెరికా దేశీయుడగు జాకో పాస్టోరియస్ ఒకడు. 1951లో పుట్టి 1987లో గతించిన ఈతడు బ్రదికినది 35 సంవత్సరములు మాత్రమే. అందును లోకమెఱిగిన కళాజీవితము 11 సంవత్సరములకు మించదు. అంత స్వల్పకాలములో అతడు, అదివఱకు వాద్యబృందమున వెనుకవరుసలో నిలిచి లయకు కాపు కాయుచుండిన బేస్ గిటారును ముందువరుసకు తెచ్చి పాడించెను. దానికై అతడు చేసిన పని చూచుటకు చిన్నది. వాద్యము దండిమీది లోహపు మెట్లు లేకుండజేసి, వాని గాళ్ళను పూడ్చి, పైన గట్టి పూత పూసెను. ఆ చిన్న పని వెనుకనున్న సాధనను, ఆ సాధన వెనుకనున్న జీవితమును తెలిసికొనుట విద్యార్థులకును, వారికి దారి చూపు ఉపాధ్యాయులకును ప్రయోజనకరమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మెట్లనగా నెట్టివో మన విద్యార్థులకు వీణను చూపి చెప్పవచ్చును. వీణ దండిపై మైనములో నిలిపిన 24 మెట్లు స్వరస్థానములను నిర్ణయించును. తంత్రిని వ్రేలితో నొక్కినపుడు అది మెట్టు నానుకొనును. మెట్టునుండి గుఱ్ఱమువఱకు గల భాగము మాత్రమే మ్రోగును. కావున స్వరము తప్పదు. గమకము కావలసినపుడు వైణికుడు ఆ తంత్రిని మెట్టుమీదనే ప్రక్కకు లాగును. వాయులీనమునకును, గోటువాద్యమునకును ఇట్టి మెట్లు లేవు. అచ్చట స్వరమెక్కడనున్నదో చెవి చెప్పవలెను, వ్రేలు వినవలెను. వెంట్రుకవాసి తప్పినను అపస్వరమే. అయితే ఒక స్వరమునుండి వేఱొక స్వరమునకు ఎడతెగక జాఱిపోవు హాయి ఆ వాద్యములకే చెల్లును.

పాశ్చాత్య సంగీతమున మంద్రస్వరములను పలికించుటకు పూర్వము నిలువెత్తు డబుల్ బేస్ ఉండెను. అది వాయులీన కుటుంబమునకు చేరిన వాద్యమగుటచే దానికిని మెట్లు లేవు. అది పెద్దది, మోయుటకు భారమైనది. పైగా బాకాలును మద్దెలలును చెలరేగినచోట దాని ధ్వని వినరాదు. ఈ కష్టమును తీర్చుటకు కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అను వాద్యనిర్మాత 1951లో విద్యుత్తుతో పనిచేయు బేస్ గిటారును విపణికి తెచ్చెను. దాని దండికి మెట్లు అమర్చెను. చెవి అంతగా కుదరనివాడు సైతము స్వరము తప్పక వాయింపగలడను భావముతో దానికి ప్రెసిషన్ బేస్ అని పేరిడెను. ప్రెసిషన్ అనగా ఖచ్చితత్వము. 1960లో అదే సంస్థ జాజ్ బేస్ అను మఱియొక రకమును వెలువరించెను. మెట్లు గల ఆ వాద్యములు లోకమంతట వ్యాపించెను. ఆ మొదటి బేస్ గిటారు పుట్టిన 1951వ సంవత్సరమే మన కథానాయకుడు పుట్టిన సంవత్సరము కూడ.

పెన్సిల్వేనియా రాష్ట్రమందలి నారిస్‌టౌన్‌లో 1951 డిసెంబరు 1వ తేదీన ఇతడు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జాన్ ఫ్రాన్సిస్ ఆంథొనీ పాస్టోరియస్. తండ్రి గాయకుడు, డ్రమ్ములు వాయించువాడు. తల్లి ఫిన్లాండు దేశమునుండి వలసవచ్చిన వారి సంతతి. ముగ్గురన్నదమ్ములలో ఇతడు పెద్దవాడు. ఆటలయందు మిక్కిలి ప్రీతి గలవాడగుటచే ఒక బేస్‌బాల్ అంపైరు పేరునుబట్టి ఇంటివారును మిత్రులును జాకో అని పిలిచిరి. తరువాత ఒక పరిచితుడు ఆ పేరును పొరపాటున వేఱు అక్షరక్రమముతో వ్రాయగా, అదియే బాగున్నదని దానినే స్థిరపఱచుకొనెను.

ఇతనికి ఎనిమిదేండ్ల ప్రాయమున కుటుంబము ఫ్లోరిడా రాష్ట్రమునకు తరలి, ఫోర్ట్ లాడర్‌డేల్ పట్టణము చేరువనున్న ఓక్లాండ్ పార్క్‌లో నివాసమేర్పఱచుకొనెను. అది సముద్రతీర ప్రాంతము. కాలువలు, పడవలు, ఉప్పుగాలి, ఎడతెగని ఉక్క అచ్చటి జీవితములో భాగములు. క్యూబా మొదలగు కరీబియను దీవుల సంగీతము అచ్చటికి దూరము కాదు. నీగ్రో జాతివారి సోల్ సంగీతము, జాజ్ సంగీతము, గ్రామీణుల పాటలు, దేవాలయ గీతములు అన్నియు ఆ బాలుని చెవిలో బడెను. కేథలిక్కు పాఠశాలలో చదువుచు అతడు చర్చిలో పూజాసమయమున పరిచారకుడుగా కూడ పనిచేసెను.

తండ్రి వాయించిన డ్రమ్ములే కుమారునికి తొలి వాద్యము. పదుమూడేండ్ల వయసున ఫుట్‌బాల్ ఆటలో మణికట్టునకు దెబ్బ తగిలెను. ఆ ఎముక సరిగా అతుకుకొనలేదు. శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. బలముగా కొట్టి డ్రమ్ములు వాయించుట దుస్సాధ్యమయ్యెను. ఆ దినములలో అతడున్న బృందమున బేస్ వాయించువాడు తప్పుకొనగా ఆ స్థానము ఖాళీ అయ్యెను. జాకో ఒక తాకట్టు దుకాణమునకు పోయి 15 డాలర్లకు ఒక పాత బేస్ గిటారును కొనెను. చేయి విఱుగుటచే చేజాఱిన వాద్యమునకు బదులుగా చేజిక్కినదే అతనిని లోకమునకు తెలిపిన వాద్యము. అయినను తొలుత నేర్చిన లయవిద్య వృథా కాలేదు. అతని బేస్ వాదనమున ప్రతి మాత్రయందును డ్రమ్ముల తాకిడి వినబడుటకు కారణమిదియే.

జాజ్ సంగీతముపై మనసు మరలినపుడు అతడు డబ్బు కూడబెట్టి డబుల్ బేస్‌ను కొనెను. మెట్లు లేని ఆ వాద్యపు లోతైన నాదము అతనికి కావలసియుండెను. కాని ఫ్లోరిడా తేమగాలికి ఆ చెక్క నిలువలేదు. ఒకనాటి ఉదయము లేచి చూచునప్పటికి వాద్యము పగిలియుండెను. మఱియొకటి కొనుటకు స్తోమత లేదు. అప్పుడతడు 1962వ సంవత్సరపు ఫెండర్ జాజ్ బేస్‌ను సంపాదించి, చిన్న వాద్యమునుండియే పెద్ద వాద్యపు నాదమును రాబట్టవలెనని సంకల్పించెను. మెట్లు లేని బేస్ పుట్టుట కేవలము వింతకోరిక వలన గాదు. పేదఱికమును తేమగాలియు కలిసి పెట్టిన పరీక్షకు అది సమాధానము.

ఈ పనిని గూర్చి అతడు అందఱకును ఒకే విధముగ చెప్పలేదు. వెన్న పూయు మొద్దుకత్తితో తానే మెట్లను పెకలించితినని కొందఱకు చెప్పెను. కొన్నపుడే మెట్లు తీసియున్నవని, గాళ్ళు చెడియుండగా తాను బాగుచేసితినని మఱికొందఱకు చెప్పెను. తన కథను తానే పలురీతుల అల్లుట అతని స్వభావము. ఎవరు పెకలించినను, ఆ గాళ్ళను లప్పముతో పూడ్చి, పలకమీద పడవలకు పూయు ఎపాక్సీని పొరలుపొరలుగా పూసి గట్టిపఱచినది మాత్రము అతడే.

ఈ మార్పులోని మెలకువలను కొంత వివరించుట మంచిది. జాజ్ బేస్ తంత్రి మ్రోగు నిడివి 34 అంగుళములు. మెట్లు 20. మొదటి మెట్టు దండి కొననుండి దాదాపు 1.9 అంగుళముల దూరమున నుండును. పండ్రెండవ మెట్టు సరిగా నడుమ, 17 అంగుళములకడ నుండును. పైకి పోయినకొలది మెట్ల నడిమి ఎడము తగ్గుచు, 19వ, 20వ మెట్ల నడుమ అది 0.64 అంగుళము మాత్రమే అగును. ప్రతి మెట్టు క్రింద ఒక సన్నని కాడ పలకలో కోసిన గాడిలో దిగియుండును. దానిని తొందరపడి పెఱికినచో పలక పెచ్చులూడును. అందుచే పనివాండ్రు మెట్టును కొంచెము వేడిచేసి, పటకారుతో ఒక కొననుండి మెల్లగా లేపుదురు. ఖాళీ అయిన గాళ్ళను అట్లే విడిచినచో దండి బలము తగ్గి తంత్రుల లాగుడునకు వంగును. కావున పలుచని చెక్కబద్దలతోగాని లప్పముతోగాని వానిని నింపి, ఆఱిన పిమ్మట పలక వంపు చెడకుండ గరుకుకాగితముతో నునుపు చేయుదురు. మెట్ల ఎత్తు పోయినందున తంత్రులు పలకకు మిక్కిలి పైన నిలుచును. దండి కొనయందలి పట్టె గాళ్ళను లోతుచేసి, గుఱ్ఱమును దించి సరిచేయవలెను.

ఇంత చేసినను వాద్యము సిద్ధము కాదు. మెట్లున్నపుడు వ్రేలు మెట్టు వెనుక ఎచ్చట నొక్కినను స్వరమొక్కటే. మెట్లు లేనపుడు వ్రేలు సరిగా పూర్వపు మెట్టు ఉన్న గీతమీదనే పడవలెను. జాకో వాద్యమున పూడ్చిన గాళ్ళు గీతలవలె కనబడుచుండెను. అయినను వేగముగ వాయించువేళ గీతలను చూచుటకు తీఱిక యుండదు. కన్ను చూపినది స్థూలమార్గము మాత్రమే, తుదినిర్ణయము చెవిది.

ఎపాక్సీ పూతకు కూడ కారణము కలదు. మృదువైన నాదము కోరువారు చదునైన పట్టీ చుట్టిన తంత్రులను వాడుదురు. జాకోకు తళుకు గల నాదము కావలసి, గుండ్రని తీగ చుట్టిన ఉక్కు తంత్రులను వాడెను. అవి ఆకురాయివలె రోజ్‌వుడ్ పలకను కొఱుకును. గాజువలె గట్టిపడిన ఎపాక్సీ ఆ కోతను చాలవఱకు ఓర్చుకొనెను. అంతేగాక నాదమునకు మెఱుపును, నిలుకడను ఇచ్చెను. మెట్టు లేని పలకమీద నొక్కిన తంత్రి వ్రేలి చెంతనే పలకను తాకితాకక కంపించును. అందువలన స్వరము మొదట మెత్తగా పుట్టి, పిదప విచ్చుకొని, మనుష్యకంఠమువలె పలుకును. తంబుర తంత్రి క్రింద నూలుపోగు నుంచినపుడు నాదము విచ్చుకొనుట విన్నవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. బేస్ గిటారు తంత్రులు మిక్కిలి లావైనవి. వీణ తంత్రివలె ప్రక్కకు లాగి స్వరమును సాగదీయుట వానిపై కష్టము. మెట్లు తీసివేసినపుడే వానికి జాఱుడును, కంపితమును స్వేచ్ఛగా లభించెను.

న్యాయముగ చెప్పవలెనన్న, మెట్లు లేని విద్యుత్ బేస్‌ను మొట్టమొదట ఊహించినవాడు జాకో కాదు. ఇంగ్లండులో రోలింగ్ స్టోన్స్ బృందమునకు చెందిన బిల్ వైమన్ 1961లోనే ఒక చవుక బేస్ మెట్లను తీసివేసి వాయించెను. అమెరికాలో ఆంపెగ్ సంస్థ 1966లో మెట్లు లేని బేస్‌ను తయారుచేసి అమ్మెను. ఫెండర్ సంస్థయు 1970లో అట్టి దానిని వెలువరించెను. కాని వాద్యముండుట వేఱు, దానికొక భాష ఏర్పడుట వేఱు. ఆ భాషను కల్పించినవాడు జాకో.

భాష ఊరక రాలేదు. 1970లో అతడు వివాహితుడై, పందొమ్మిదేండ్లు నిండునప్పటికే తండ్రి యయ్యెను. కుటుంబపోషణకు దొరకిన ప్రతి పనిని చేసెను. 1972లో వేన్ కాక్రన్ అను గాయకుని బృందముతో ఊరూర తిరిగి, ప్రతిరాత్రియు వాయించుచు, స్వరలిపిని చదువుటయు, బాకాల బృందమునకు స్వరరచన చేయుటయు ఆ ప్రయాణములలోనే నేర్చెను. ఆ తరువాత మయామి విశ్వవిద్యాలయమున కొంతకాలము బేస్ బోధించెను. అచ్చటనే గిటారు విద్వాంసుడగు పాట్ మెథీనీతో స్నేహమయ్యెను. మెథీనీ మొదటి రికార్డు 'బ్రైట్ సైజ్ లైఫ్'లో బేస్ వాయించినవాడు జాకోయే. అది 1975 డిసెంబరులో జర్మనీలో ముద్రితమై 1976లో వెలువడెను.

1975లో బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ బృందపు డ్రమ్మరగు బాబీ కొలంబీ ఫోర్ట్ లాడర్‌డేల్‌కు వచ్చి జాకో వాదనము విని అబ్బురపడి, ఎపిక్ సంస్థ ద్వారా అతని సొంత రికార్డు వెలువడునట్లు చేసెను. 'జాకో పాస్టోరియస్' అను పేరనే 1976లో వెలువడిన ఆ రికార్డు బేస్ వాద్యచరిత్రమున ఒక సరిహద్దురాయి. అందు మొదటి రచన 'డోనా లీ'. 1947లో చార్లీ పార్కర్ బృందము ముద్రించిన ఆ రచన శాక్సఫోనునకును, బాకాకును కూడ కష్టమైన వేగము గలది. జాకో దానిని బేస్ గిటారుమీద, కేవలము డాన్ అలియాస్ కాంగా డ్రమ్ముల తోడుతో, ఆద్యంతము వాయించెను. మంద్రవాద్యము రాగభారమంతయు మోయుచుండ, తాళవాద్యమొక్కటియే ప్రక్కన నిలుచుట శ్రోతలకు క్రొత్త.

అందే 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' అను రచన కలదు. ట్రేసీ అతని భార్య పేరు. దీనిలో అతడు తంత్రులను గట్టిగ నొక్కక, కొన్ని స్థానములయందు తేలికగా తాకి మీటెను. తంత్రిని సరిగా సగముకడ తాకి మీటినచో దాని మూలధ్వనికి రెట్టింపు కంపనసంఖ్య గల ధ్వని పుట్టును. మూడవవంతున మూడు రెట్లు, నాల్గవవంతున నాలుగు రెట్లు. భౌతికశాస్త్రమున విద్యార్థులు చదువు అనుస్వరములివియే. వానిని అపుడపుడు అలంకారముగ వాడినవారు పూర్వమును కలరు. వానితోనే ఒక సంపూర్ణ రచనను కూర్చి, ఆ లావు తంత్రులనుండి చిఱుగంటల నాదమును రాబట్టినవాడు జాకో.

వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జో జావినుల్, శాక్సఫోను విద్వాంసుడగు వేన్ షార్టర్ కలిసి నడపుచుండిన వెదర్ రిపోర్టు బృందము ఆ కాలమున ప్రఖ్యాతమైనది. మయామిలో ఆ బృందము వాయించిన రాత్రి జాకో జావినుల్‌ను కలిసి, లోకములో బేస్ వాయించువారందఱిలో తానే మిన్న అని సంకోచము లేక చెప్పెను. జావినుల్ మొదట విసుగుకొని పొమ్మనెను. తరువాత ఆతని వాదనము విని మనసు మార్చుకొనెను. 1976లో వెలువడిన 'బ్లాక్ మార్కెట్' రికార్డులో జాకో రెండు రచనలకు వాయించెను. 1977లో 'హెవీ వెదర్' వెలువడెను. అందలి 'బర్డ్‌లాండ్' దేశదేశముల మాఱుమ్రోగెను. అందే జాకో రచించిన 'టీన్ టౌన్'కు బేస్‌తోబాటు డ్రమ్ములును అతడే వాయించెను. మణికట్టు విఱిగినపుడు విడువవలసి వచ్చిన చిన్ననాటి వాద్యము మరల చేతికి వచ్చినట్లయ్యెను.

అదే కాలమున కెనడాలో పుట్టిన గాయని జోనీ మిచెల్ 'హెజీరా' రికార్డులో నాలుగు పాటలకు అతడు వాయించెను. 1976లో వెలువడిన ఆ పాటలలో బేస్ గాయనివెంట నడచుటలేదు, గాయనితో మాటలాడుచున్నది. ఆమె ఒక చరణము ముగించి ఊపిరి తీసికొనునంతలో బేస్ జాఱుస్వరముతో బదులు చెప్పును. పాటకు అడ్డుపడకుండ పాటలో పాలుపంచుకొనుట ఎట్లో నేర్చుకొనగోరు పక్కవాద్యకారులు నేటికిని ఆ నాలుగు పాటలను శ్రద్ధగ వినుచున్నారు.

1981లో అతడు 'వర్డ్ ఆఫ్ మౌత్' అను తన రెండవ రికార్డును వెలువరించెను. అందు బాఖ్ రచనను బేస్‌మీద వాయించుటయు, హార్మోనికా విద్వాంసుడగు టూట్స్ థీలెమన్స్‌తో కలిసి పెద్ద బృందమునకు స్వరరచన చేయుటయు అతని విద్య విస్తృతిని చూపును. వెదర్ రిపోర్టు బృందమును విడిచి తన బృందమును తానే నడుపసాగెను. బయటివారి కంటికి అది ఉన్నతదశ. కాని లోపల వ్యాధి ముదురుచుండెను.

యౌవనారంభమున జాకో మద్యమునకును మాదకద్రవ్యములకును దూరముగ నుండినవాడు. దూరపు సంచారములలో అవి అలవాటయ్యెను. వానికంటె లోతైనది మఱియొకటి కలదు. ఉల్లాసము హద్దు మీఱి నిద్రాహారములు తెలియకుండుట, పిదప విషాదమున క్రుంగిపోవుట ఒకదానివెంట నొకటి వచ్చు బైపోలార్ అను మానసికవ్యాధి అతనిని పట్టెను. 1982లో జపాను సంచారమున తల గొఱిగించుకొని, ముఖమునకు రంగు పూసికొని, తన బేస్‌ను హిరోషిమా సముద్రములో విసరివేసెను. తిరిగివచ్చిన పిమ్మట వైద్యులు వ్యాధిని గుర్తించి లిథియము మందునిచ్చిరి. అతడు మందును నిలుకడగా సేవింపడయ్యెను. మద్యము వ్యాధిని పెంచెను. వ్యాధి మద్యమును పెంచెను.

ఇచ్చట ఒక సంగతి స్పష్టముగ చెప్పవలసియున్నది. ప్రతిభకును ఉన్మాదమునకును చుట్టఱికమున్నదని లోకమున ఒక నమ్మకము కలదు. జాకో విపరీత చేష్టలను చూచినవారు చాలమంది అవి మేధావి లక్షణములని నవ్వి ఊరకుండిరి. కొందఱు చప్పట్లు కొట్టి ప్రోత్సహించిరి. ఆ నవ్వులు అతనికి చేసిన కీడు తక్కువ కాదు. అతని గొప్ప రికార్డులను కాలక్రమమున విన్నచో నిజము తెలియును. శ్రుతిశుద్ధి, లయశుద్ధి, రచనాక్రమము మిన్నగా నున్నవి వ్యాధి అతనిని లోబఱచుకొనక పూర్వము చేసినవే. వ్యాధి ప్రబలినకొలది వాదనము చెదరెను, కచేరులు చెడెను, పిలుచువారు తగ్గిరి. వ్యాధి అతని కళకు తల్లి కాదు, శత్రువు. బడిలో ఒక బాలుడు అసాధారణముగ ప్రవర్తించుచుండ, తెలివిగలవాడు గనుక అట్లే యుండునని సరిపెట్టుకొను ఉపాధ్యాయుడు ఈ జీవితమును తలచుకొని ఒక్క క్షణము ఆగవలెను. తెలివియు వ్యాధియు ఒక్క దేహములో నుండవచ్చును. రెండవదానికి వైద్యము చేయించుటవలన మొదటిది నశింపదు.

1980 దశకపు నడుమ జాకో న్యూయార్కు నగరమున ఇల్లు లేనివాడై తోటలలో పండుకొనుచు, బంతులాట మైదానములలో ప్రొద్దుపుచ్చుచు కాలము గడపెను. రికార్డు దుకాణములలో అతని బొమ్మలు అమ్ముడగుచుండ, ఆ వీథులలోనే అతడు చిల్లర కొఱకు చేయి చాచెను. అయినను మనసు కుదుటపడిన దినములలో బోధించుటకు వెనుకాడలేదు. 1985లో వెలువడిన బోధనా వీడియోలో తన పద్ధతులను దాచక చూపెను. 1986లో న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆస్పత్రిలో చికిత్స జరిగెను. ఆ యేటనే అతని ప్రియమైన 1962 బేస్ ముక్కలై, పనివాండ్రచే ఓపికతో అతికింపబడి, మరల చేతికి వచ్చిన కొలది కాలమునకే తోటలోని ఒక బల్లమీదనుండి దొంగిలింపబడెను. ఆ సంవత్సరాంతమున అతడు ఫ్లోరిడాకు మరలివచ్చెను.

1987 సెప్టెంబరు 11వ తేదీ రాత్రి ఫ్లోరిడాలో కార్లోస్ సాంటానా కచేరి జరుగుచుండగా జాకో పిలువకయే వేదికపైకి పోయెను. అచ్చటివారు అతనిని బయటికి పంపిరి. అటుపిమ్మట విల్టన్ మేనర్స్ అను ఊరిలో ఒక రాత్రి క్లబ్బునకు పోగా లోనికి రానీయలేదు. అతడు తలుపును తన్నెను. క్లబ్బు ఉద్యోగితో కలహము జరిగి, ముఖపుటెముకలు విఱిగి, స్పృహ తప్పిపడెను. ఆస్పత్రిలో పది దినములుండి, మెదడులో రక్తస్రావము జరుగుటచే సెప్టెంబరు 21న మరణించెను. కొట్టినవాడు నరహత్యానేరమును అంగీకరించి, నాలుగు నెలలు మాత్రమే చెఱలో నుండెను. అతని శిక్ష స్వల్పమని బాధపడినవారు పెక్కుమంది. ఆ వ్యక్తి జాకోను గుర్తించెనా లేదా అను ప్రశ్నకంటె, ఎవడైనను ఒక రోగి అర్ధరాత్రి తలుపు తన్నినపుడు లోకము ఏమి చేయవలెనను ప్రశ్న పెద్దది.

మరణించిన మఱుసటి యేడు, 1988లో, డౌన్ బీట్ పత్రిక పాఠకులు అతనిని జాజ్ విద్వాంసుల కీర్తిమందిరమున చేర్చిరి. ఓక్లాండ్ పార్క్‌లో ఒక ఉద్యానమునకు 2008లో అతని పేరు పెట్టిరి. దొంగలుకొనిపోయిన బేస్ ఇరువది సంవత్సరములు కానరాక, 2006లో న్యూయార్కు దుకాణమొకదానిలో బయటపడెను. దానిని విడిపించుటకు అతని కుటుంబమునకు శక్తి చాలకపోగా, మెటాలికా బృందమున బేస్ వాయించు రాబర్ట్ ట్రుహీయో 2010లో డబ్బిచ్చి విడిపించెను. జాకో కచేరులను బాల్యమున విని బేస్ పట్టినవారిలో ఆయన ఒకడు. జాకో పిల్లలలో ఇద్దఱు కవలలు కూడ సంగీతమునే వృత్తిగా స్వీకరించిరి.

నేడు మెట్లు లేని బేస్ గిటారులను పెద్ద సంస్థలు పెక్కు తయారుచేయుచున్నవి. పాత బేస్‌ను కొని, మెట్లను స్వయముగ తీసి, గాళ్ళు పూడ్చి, ఎపాక్సీ పూయు యువకులు అన్ని దేశములలో కలరు. పని పూర్తియైన మొదటి సాయంకాలము వారిలో పలువురు నిరాశ పొందుదురు. అలవాటైన పాటలే అపస్వరములుగ వినబడును. అంతవఱకు తమ చెవిది అనుకొన్న విద్యలో ఎంత భాగము లోహపు మెట్లదో అప్పుడు తెలియును. అచ్చట ఆగిపోక, ప్రతిదినమును తంబురవంటి ఒక నిలుకడ శ్రుతి ముందుంచుకొని, ఒక్కొక్క స్వరమును వెదకి సాధించినవానికి కొన్ని నెలలలో చెవి కుదురును. జాకో వాద్యమున మిగిలినవి పూడ్చిన గీతలు మాత్రమే. వానిమీద వ్రేలు తప్పక పడుటకు అతడు మెట్లున్న వాద్యముమీదను, డ్రమ్ములమీదను, స్వరలిపిమీదను ఏండ్ల తరబడి చేసిన సాధన ఆధారము. అట్టి సాధకునికి రోగము వచ్చినపుడు అంతటి శ్రద్ధతోడనే చికిత్సయు, కావలియు లభించియుండినచో అతడు ఇంకెంత కాలము వాయించియుండెడివాడో అను చింత, ఆ రికార్డులు విన్న ప్రతిమాఱును కలుగక మానదు.